పాయింట్ 22 రైఫిల్ కొనేముందు బ్యారెల్‌ని ఎలా చూడాలి

మా అక్క కూతురు పదో తరగతి నుంచి 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ ఆడుతోంది. ఇంజినీరింగ్ అయిపోయింది, ఉద్యోగం వచ్చింది, ఇప్పుడు 50 మీటర్లకి మారాలని పట్టు. అంటే పాయింట్ 22 రైఫిల్ కావాలి, బ్యారెల్ (బుల్లెట్ వెళ్లే ఉక్కు గొట్టం) లోపల సుమారు 0.22 అంగుళాల రంధ్రం ఉన్నది. ఓ ఆదివారం పొద్దున్నే ఫోన్.

"మామా, రెండు రైఫిళ్లు చూసినా. రెండూ జర్మనీవే. ఒకటి షాపులో కొత్తది, ఇంకోటి మా క్లబ్బులో అంకుల్ నాలుగేండ్లు వాడింది. బ్యారెల్ బాగుందో లేదో నువ్వే చెప్పాల."

నేను హిందూపురం నుంచి వచ్చి బెంగళూరు పీణ్యాలో టూల్‌రూమ్ పనిలో పడి ఇరవై రెండేళ్లు. సన్నటి, లోతైన రంధ్రాలు తొలవడం, వాటిని రీమర్‌తో సాపు చేయడం, గేజ్ పెట్టి చూడటం, అదే నా బతుకు. శనివారాలు రేంజ్‌కి పోయి నేనూ షూట్ చేస్తాను, స్కోరు మాత్రం అడక్కండి. ఆ రెండు రైఫిళ్లనీ చూడటానికి మాకు రెండు వారాలు పట్టింది. అప్పుడు చేసిందే ఇక్కడ వరసగా రాస్తున్నా.

ముందు కాగితాలు

పాయింట్ 22 రైఫిల్ 1959 ఆయుధాల చట్టం కిందికి వస్తుంది. బెంగళూరులో లైసెన్సు ఇచ్చేది పోలీస్ కమిషనర్ ఆఫీసు. చేతిలో లైసెన్సు, అందులో మీరు కొనే రకం, క్యాలిబర్ రాసి ఉంటేనే బేరం మొదలుపెట్టండి. వాడిన రైఫిల్ అయితే దాని మీద కొట్టిన సీరియల్ నంబర్, అమ్మేవాళ్ల లైసెన్సులో ఉన్న నంబర్ ఒకటేనా అని అక్షరం అక్షరం చూడండి. మేము చూస్తే అంకుల్ లైసెన్సు జిరాక్స్‌లో 8 కాస్తా 3 లాగా పడింది. అసలు కాగితం తెప్పించాకే ముందుకి కదిలాం.

చూడబోయేది ఏ రైఫిల్ అయినా బోల్ట్ (వెనకనుంచి మూసే కడ్డీ) బయటికి తీయించండి. చాంబర్‌లోకి, అంటే తూటా కూర్చునే గదిలోకి కంటితో చూసి, దాని అంచుని చిటికెన వేలితో తడిమి కూడా చూడండి. అమ్మేవాడు "ఖాళీనే సార్" అన్నా సరే, మీరు చూశాకే అది ఖాళీ.

బ్యారెల్ పుట్టుక కొంచెం తెలియాలి

ఈ భాగం వదిలేయాలనిపిస్తే వదిలేయొచ్చు గానీ, తరవాత చేతికి తగిలేదేమిటో దీంతోనే అర్థమవుతుంది.

26 అంగుళాల బ్యారెల్ అంటే 660 మిల్లీమీటర్లు. లోపలి రంధ్రం 5.5 మిల్లీమీటర్ల చిల్లర. వ్యాసానికి 120 రెట్ల లోతు. మామూలు డ్రిల్‌తో తొలిస్తే రెండో అంగుళంలోనే దారి తప్పుతుంది. అందుకే ఒకే అంచు ఉన్న గన్‌డ్రిల్ వాడతారు. దాని కడుపులోంచి ఆయిల్ ఒత్తిడితో ముందుకి పోతుంది, చిప్స్‌ని పక్క గాడిలోంచి వెనక్కి తోసుకొస్తుంది. తరవాత రీమర్. ఆ తరవాత మెలికల గాళ్లు వేయడం, అదే రైఫ్లింగ్.

రైఫ్లింగ్‌కి ముఖ్యంగా మూడు దారులు. కట్ రైఫ్లింగ్‌లో కొక్కెం లాంటి కట్టర్ ఒక్కో గాడిని కొద్దికొద్దిగా గీరుతుంది. ఆలస్యం, ఖర్చు, కానీ లోహాన్ని నొక్కదు కాబట్టి లోపల ఒత్తిడి పెద్దగా మిగలదు. బటన్ రైఫ్లింగ్‌లో కార్బైడ్ బొడిపెని రంధ్రంలోంచి లాగుతారు, లేదా తోస్తారు. గాళ్లు కోసినట్టు కాదు, నొక్కినట్టు పడతాయి. మూడోది హ్యామర్ ఫోర్జింగ్. రంధ్రంలో మెలికల మాండ్రెల్ (గట్టి అచ్చు కడ్డీ) పెట్టి బయటినుంచి సుత్తులతో కొడతారు, పొట్టి లావు కడ్డీ పొడుగ్గా సాగుతుంది. టిక్కా, సాకో, సీజెడ్ రైఫిల్ కంపెనీలది ఈ పద్ధతే.

ఏది మేలని వాదించుకునేవాళ్లు రాత్రంతా వాదించుకుంటారు. మూడింటితోనూ మెడల్ కొట్టే బ్యారెళ్లు వస్తాయి, మూడింటితోనూ చెత్త వస్తుంది. కొనేవాడికి పనికొచ్చే సంగతి ఒక్కటే. బటన్‌తో నొక్కిన లోహంలో ఒత్తిడి దాగి ఉంటుంది. దాన్ని వేడిచేసి సరిగ్గా తీర్చకుండా బయట లేత్ మీద సన్నంగా తీశారనుకోండి, పైన లోహం పోయిన చోట లోపలి రంధ్రం విచ్చుకుంటుంది. బ్యారెల్ ఎక్కడ సన్నబడుతుంది? మూతి వైపు. బుల్లెట్‌ని ఆఖరిగా పట్టుకోవాల్సిన చోటే వదులైపోతుంది.

1. మూతి

మొదట చూడాల్సింది ఇదే. బుల్లెట్ బ్యారెల్‌ని వదిలే చివరి అంచుని క్రౌన్ అంటారు. ఆ అంచు ఒకవైపు కాస్త నలిగినా వెనకున్న గ్యాస్ ఆ పక్కనుంచే ముందు తప్పించుకుంటుంది, బుల్లెట్‌ని తన్నుతుంది.

చెవులకి వాడే దూది పుల్ల చాలు. లోపలినుంచి బయటికి, అంచు మీదుగా, గడియారం ముల్లు తిరిగినట్టు ఒక్కోచోట మెల్లగా లాగండి. నున్నగా ఉంటే దూది జారిపోతుంది. బర్ (లేచిన లోహపు ముల్లు) ఉంటే అక్కడ ఒక పోగు చిక్కుకుంటుంది. మావాళ్లు టూల్‌రూమ్‌లో గోరుతో చూస్తారు, పాతికేళ్లు పని చేసినవాడి గోరు పట్టేస్తుంది కూడా. కానీ రైఫిల్ మూతి మీద గోరు కంటే దూదే నమ్మకం.

వాడిన రైఫిల్ అయితే తుడవకముందే మూతి చూడండి. పొగ మసి మధ్యలో ప్రతి గాడికీ ఒక రేకు చొప్పున నక్షత్రం లాంటి గుర్తు పడుతుంది. రేకులన్నీ ఒకే పొడుగుంటే మంచిదే. ఒక వైపు చీదరగా పాకితే అనుమానించండి. అమ్మేవాళ్లు తళతళా తుడిచి చూపిస్తారు, అందుకే ముందే ఫోన్ చేసి "తుడవొద్దు" అని చెప్పాలి.

క్రౌన్ పాడైనా మిగతా బ్యారెల్ బాగుంటే దాన్ని మళ్లీ కట్ చేయించొచ్చు. ఇక్కడే నాలాంటివాడికి చేయి దురద. రెండు వీధుల అవతల మంచి లేత్ ఉంది, మనవాడే, అరగంట పని. అక్కడే ఆగాలి. ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం రిపేరు చేసేవాడికి దానికి లైసెన్సు ఉండాలి. 6వ సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా బ్యారెల్ పొట్టి చేయడమే నేరం. లైసెన్సున్న గన్‌స్మిత్ దగ్గరికే పోండి, రసీదు తీసుకోండి.

2. చేతికి తగిలే బిగువు

నాకు అన్నిటికంటే నమ్మకమైన పరీక్ష ఇది. దీనికో మంచి క్లీనింగ్ రాడ్, రాడ్‌ని మధ్యలో నిలిపే బోర్ గైడ్, గుడ్డ ప్యాచ్‌లు కావాలి. బ్యారెల్ శుభ్రం చేశాక, కొంచెం నూనె అద్దిన బిగుతైన ప్యాచ్‌ని చాంబర్ వైపునుంచి రెండు వేళ్లతో మెల్లగా తోయండి. అరచేత్తో తోస్తే ఏమీ తెలియదు.

మంచి బ్యారెల్‌లో మొదట్నుంచి చివరిదాకా ఒకే బిగువు. ఇంకా మంచిదైతే మూతి దగ్గర వెంట్రుకవాసి బిగుసుకుంటుంది. చెడ్డదైతే మధ్యలో ఎక్కడో పట్టి వదులుతుంది. మరీ చెడ్డదైతే మూతి దగ్గర జారిపోతుంది.

షాపులో కొత్త రైఫిల్‌ని మొదట నేను చూశా. ఏమీ చెప్పకుండా రాడ్ అమ్మాయి చేతికిచ్చా. ముప్పాతిక దూరం వెళ్లేదాకా మొహంలో ఏ మార్పూ లేదు. ఆఖరి నాలుగు వేళ్ల దూరంలో రాడ్ ఒక్కసారిగా తేలికై ముందుకి పోయింది.

"మామా, ఇక్కడ ఖాళీగా ఉంది."

"మళ్లీ తోసి చూడు."

మూడుసార్లు, కొత్త కొత్త ప్యాచ్‌లతో. మూడుసార్లూ అక్కడే. షాపతను "ఏనూ ఆగల్ల సార్, కొత్త పీసు" అన్నాడు, ఏమీ కాదన్నట్టు. మర్యాదగానే మాట్లాడాడు, పరీక్షకి ఒప్పుకున్నాడు కూడా. ఆ రైఫిల్‌ని మేము కాల్చి చూడలేదు. అది పదులు కొట్టేదేమో కూడా. కానీ అంత డబ్బు పెట్టి, కొత్త బ్యారెల్‌కి "కొట్టేదేమో" అనుకుంటూ ఇంటికి తీసుకెళ్లడం నాకు నచ్చలేదు.

ప్యాచ్ మాట మీదే నమ్మకం చాలకపోతే మెత్తటి సీసం ముక్కని ఒకసారి పూర్తిగా తోసి, ఇంకోదాన్ని మూతికి ముందే ఆపి వెనక్కి తీసి, రెండింటినీ మైక్రోమీటర్‌తో కొలవొచ్చు. షాపులో దీనికి ఎవరూ ఒప్పుకోరు. తెలిసినవాళ్ల రైఫిల్ అయితే అడగండి.

రాడ్ చేతిలో ఉండగానే మెలిక కూడా చూసేయండి. పాయింట్ 22కి 16 అంగుళాలకి ఒక చుట్టు మామూలు. రాడ్ మీద స్కెచ్ పెన్‌తో గీత పెట్టి, పిడి స్వేచ్ఛగా తిరిగేలా వదిలి తోస్తే 8 అంగుళాలకి అరచుట్టు తిరగాలి. ఎక్కడైనా తిరుగుడు ఆగి మళ్లీ మొదలైతే ప్యాచ్ గాళ్ల మీద జారిందన్నమాట, ఇంకాస్త బిగుతు ప్యాచ్‌తో మళ్లీ చేయండి.

3. చాంబర్

తూటా కూర్చునే గది, దాని ముందు రైఫ్లింగ్ మొదలయ్యే వాలు, ఈ రెండూ రంధ్రం నడిమధ్యలో ఉండాలి. గన్‌డ్రిల్ పనిలో ఫ్యాక్టరీలు అంతగా తప్పు చేయవు, చాంబర్ రీమర్ దగ్గర చేస్తాయి. అరిగిన రీమర్‌ని ఇంకో యాభై పీసులకి లాగడం ఎలాగో నాకు తెలుసు, ఆ పాపం నేనూ చేశాను, బ్యారెళ్ల మీద కాదులెండి.

దీన్ని రేంజ్‌లోనే చూడాలి. మూతి టార్గెట్ వైపు, వేలు ట్రిగ్గర్‌కి దూరం, రేంజ్ ఆఫీసర్‌కి ముందే చెప్పి. ఒక తూటా పెట్టి బోల్ట్ మూసి, కాల్చకుండా మెల్లగా తెరిచి తూటాని చేత్తో అందుకోండి. మ్యాచ్ (పోటీల) రైఫిళ్లలో బుల్లెట్ ముక్కు పక్కన రైఫ్లింగ్ గీతలు సన్నగా పడతాయి. భూతద్దం కింద తిప్పి చూడండి. చుట్టూ ఒకే లోతులో ఉంటే చాంబర్ నడిమధ్యలో ఉన్నట్టు. ఒకవైపు లోతుగా, ఎదురువైపు అసలు లేకుండా ఉంటే అది పక్కకి పోయినట్టు. అంకుల్ రైఫిల్‌లో చుట్టూ సమంగా పడ్డాయి. అమ్మాయి ఆ తూటాని ఫోటో తీసి పెట్టుకుంది.

కాల్చాక మిగిలే ఖాళీ కేసు (తూటా గొట్టం) కూడా చూడండి. ఒక వైపు పొడుగ్గా గీరుకుంటే చాంబర్‌లో ఎక్కడో బర్ ఉంది.

4. బోర్‌స్కోప్, కొంచెం జాగ్రత్తగా

ఫోన్‌కో ల్యాప్‌టాప్‌కో తగిలించే 5 మిల్లీమీటర్ల కెమెరా రాడ్ ఇప్పుడు ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. రంధ్రం అయిదున్నర, కెమెరా అయిదు. సందు అర మిల్లీమీటరే, కాబట్టి తోయకుండా జారనివ్వండి.

ఇది కొన్నవాడికి ఇక నిద్ర ఉండదు. అంత పెద్దది చేసి చూస్తే ఏ బ్యారెలైనా మన కృష్ణరాజపురం రోడ్డు లాగే ఉంటుంది. బ్యారెల్ పొడుగునా సన్నటి గీతలుంటే వదిలేయండి, అవి బుల్లెట్ వెళ్లే దిశలోనే ఉంటాయి. అడ్డంగా, బావి ఒరల్లాగా వరస ఉంగరాలు కనబడితే రీమర్ వణికిందని అర్థం. అవి సీసాన్ని గీరుకుంటాయి. ముప్పై షాట్ల తరవాత ప్యాచ్ మీద మెరిసే సీసం రేకులొస్తే ఉంగరాల పనే.

వాడిన రైఫిల్‌లో చాంబర్ ముందు నల్లటి కట్టు కనబడుతుంది. అంకుల్ రైఫిల్‌లో అది చూసి అమ్మాయికి టెన్షన్ పట్టుకుంది. అది అరుగుడు కాదు, గట్టిపడిన కార్బన్. మంచి సాల్వెంట్ రాసి, కాసేపు నాననిచ్చి, కంచు బ్రష్ వేస్తే వదిలింది. కింద లోహం శుభ్రంగా ఉంది. కడిగేదాకా తీర్పు చెప్పొద్దు. తుప్పు గుంటలు మాత్రం కడిగినా పోవు. సముద్రపు గాలి తగిలే చెన్నైలో ఉన్న రైఫిల్ అయితే మూతి దగ్గర అంగుళం మేర వాటికోసమే వెతకండి.

పాయింట్ 22 బ్యారెల్ వేలకు వేల షాట్లకి కూడా పెద్దగా అరగదు. మందు ఎక్కువుండే పెద్ద తూటాల (సెంటర్‌ఫైర్) రైఫిళ్లలో అయితే చాంబర్ ముందు ఉక్కు ఎండిన చెరువు మట్టిలా బీటలిస్తుంది. అక్కడ ఎన్ని షాట్లు కాల్చారన్నదే పెద్ద ప్రశ్న. ఇక్కడ రాడ్‌తో ఎంత మోటుగా తుడిచారన్నది పెద్ద ప్రశ్న.

5. బ్యారెల్‌ని తిట్టేముందు

ఇది నా సొంత తలపోటు. ఆరేళ్ల కిందట నేనో పాత రైఫిల్ కొన్నా. జూన్ దాకా బాగుంది. జులైలో గ్రూప్, అంటే టార్గెట్ మీద షాట్లు పడే గుంపు, పైకి, కుడికి పాకడం మొదలైంది. నాలుగు నెలలు బ్యారెల్‌ని తిట్టాను, అమ్మినవాణ్ని తిట్టాను. చివరికి ఒకాయన పది రూపాయల నోటు తీసి బ్యారెల్‌కి, స్టాక్‌కి (దాన్ని మోసే కింది చెక్కకి) మధ్య దూర్చి వెనక్కి లాగాడు. నోటు సగంలో ఆగిపోయింది. వానాకాలం తేమకి చెక్క ఉబ్బి బ్యారెల్‌ని తాకుతోంది, అంతే. అమ్మినాయనకి ఫోన్ చేసి క్షమాపణ చెప్పుకున్నా.

కాబట్టి ముందు నోటు పరీక్ష. తరవాత స్టాక్‌ని పట్టి ఉంచే స్క్రూలు కంపెనీ చెప్పిన టార్క్‌కే బిగించి ఉన్నాయా చూడండి. గురి చూసే సైట్లు కదులుతున్నాయా చూడండి. ఇవన్నీ సరిగ్గా ఉన్నాకే బ్యారెల్ మీద నింద.

6. కాల్చి చూడటం

కొత్త రైఫిల్ పెట్టెలో టెస్ట్ కార్డు వస్తుంది. అయిదు షాట్లు ఒకే చిల్లులో. అందంగా ఉంటుంది. ఫ్రేమ్ కట్టించుకోవచ్చు. కానీ అది వాళ్ల బిగింపులో, వాళ్ల తూటాతో, వాళ్లకి నచ్చిన గ్రూప్.

తక్కువ షాట్లతో గ్రూప్ ఎప్పుడూ చిన్నగానే కనబడుతుంది. ఒక రైఫిల్ 3 షాట్లకి సగటున 10 మిల్లీమీటర్ల గ్రూప్ ఇస్తే, అదే రైఫిల్ 5 షాట్లకి దాదాపు 13, 10 షాట్లకి దాదాపు 16 ఇస్తుంది. రైఫిల్ మారలేదు, లెక్క మారింది. కాబట్టి 10 షాట్ల గ్రూపులే చూడండి, ఒక్కటి కాదు, కనీసం రెండు. అందులో "ఆ ఒక్కటీ నా తప్పు" అని ఏ షాట్‌నీ కొట్టేయొద్దు.

ఎంత గ్రూప్ చాలు? 50 మీటర్ల టార్గెట్‌లో పదో వలయం 10.4 మిల్లీమీటర్లు, బుల్లెట్ 5.6. వలయాన్ని తాకితే పదే కాబట్టి బుల్లెట్ కేంద్రం మధ్యనుంచి 8 మిల్లీమీటర్ల దాకా పోవచ్చు. అంటే బాగా దూరంగా పడ్డ రెండు చిల్లుల్ని కేంద్రం నుంచి కేంద్రానికి కొలిస్తే 16 మిల్లీమీటర్ల గ్రూప్. కానీ ఆ 16నీ రైఫిలే తినేస్తే మనిషికి ఏం మిగులుతుంది? ఊపిరికి, గుండె కొట్టుకోవడానికి, గాలికి చోటుండాలి. నా లెక్కలో 10 షాట్లు 13 లోపు వస్తే మంచి బ్యారెల్. 16 దాటితే, తూటా లాట్ మార్చి కూడా దాటుతూనే ఉంటే, ధర ఎంత తగ్గించినా వద్దు.

లాట్ అన్నానుగా, అంటే ఒకే విడతలో తయారైన తూటాలు. ఒకే కంపెనీ, ఒకే పెట్టె రంగు, లాట్ నంబర్ మారితే గ్రూప్ మారుతుంది. పెద్ద షూటర్లు ఎలీ, లాపువా అనే తూటా కంపెనీల టెస్ట్ రేంజ్‌లకి రైఫిల్ పట్టుకుపోయి లాట్లు ఎంచుకునేది అందుకే. మనం కనీసం మూడు లాట్లు అడిగి తెచ్చుకోవాలి. ఒక్క లాట్‌తో కాల్చి బ్యారెల్ చెడ్డదనడం అన్యాయం.

పొద్దున ఏడింటికే వెళ్లండి, గాలి లేవకముందు. ఇసుక సంచి మీద రైఫిల్ పెట్టండి. తుడిచిన బ్యారెల్ అయితే మొదటి పది షాట్లు లెక్కలోకి తీసుకోకండి, లాట్ మార్చినప్పుడల్లా కూడా కొన్ని వదిలేయండి. తరవాత మధ్యలో ఎక్కువ ఆగకుండా కాలుస్తూ గ్రూప్ కేంద్రం ఎటు పోతోందో చూడండి. బ్యారెల్ వెచ్చబడేకొద్దీ గ్రూప్ ఒకే దిక్కుకి నడుస్తుంటే, నోటు పరీక్ష పాసైనా సరే, లోహంలో తీరని ఒత్తిడి ఉందని నా అనుమానం. చెల్లాచెదురుగా ఉంటే అది వేరే జబ్బు, ముందు తూటానీ క్రౌన్‌నీ చూడండి.

ఎయిర్ రైఫిల్ కొనేవాళ్లకి రెండు ముక్కలు

4.5 మిల్లీమీటర్ల బోర్, 20 జూళ్ల లోపు శక్తి ఉన్నవాటికి లైసెన్సు అక్కర్లేదు. రంధ్రం చిన్నది, నేను చెప్పిన 5 మిల్లీమీటర్ల కెమెరా అందులో దూరదు. పెల్లెట్‌నే (ఎయిర్ రైఫిల్ గుండునే) రాడ్‌తో మెల్లగా తోసి చూడండి. చాలా మంచి ఎయిర్ బ్యారెళ్లలో మూతి దగ్గర కావాలనే కొంచెం బిగుతు పెడతారు. అక్కడ పెల్లెట్ పట్టుకుంటే అది లోపం అనుకోకండి. పెల్లెట్లు 4.49, 4.50, 4.51 అని తల సైజులతో అమ్ముతారు, మూడూ కొట్టి చూడండి. క్రౌన్‌కి దూది పరీక్ష మామూలే.

ఇక అంకుల్ రైఫిల్. శనివారం పొద్దున ఆయనా వచ్చి పక్కనే కూర్చున్నాడు. మొదటి లాట్‌తో రెండు గ్రూపులు 15 దగ్గర. రెండో లాట్ 19, అమ్మాయి మొహం వాడిపోయింది. మూడో లాట్‌లో తొమ్మిది షాట్లు ఒక పావలా బిళ్ల కింద దాక్కునేట్టు పడ్డాయి. పదోది ఆగింది.

"ఏమైంది?"

"గాలి జెండా ఊగుతోంది మామా."

ఆగింది, ఊపిరి వదిలి మళ్లీ తీసుకుంది, కొట్టింది. కాలిపర్ పెడితే 12.6. ఇంకో పది, 12.9. కార్డు వెనక తేదీ, లాట్ నంబర్ రాసుకుని అంకుల్ వైపు చూసి, "ఈ లాట్ డబ్బాలు ఇంకెన్నున్నాయంకుల్?" అంది. ధర గురించి ఇంకా ఎవరూ మాట్లాడనేలేదు.